మా స్కూల్లో అలాంటి పిల్లలు లేరండీ

కొత్తగా స్కూలు పెట్టిన కరస్పాండెంట్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటే: "సార్, అలాంటి పిల్లలు వస్తే ఏం చెయ్యాలి?" 'అలాంటి' అనేటప్పుడు గొంతు తగ్గిస్తారు. మొదటి పాఠం అదే, వాళ్లకి అప్పటికే వచ్చేసింది. మిగతావి చెబుతాను, రాసుకోండి.

ముందుగా గేటు మీద పెద్ద ఫ్లెక్సీ కట్టించండి: 'ప్రతి బిడ్డా ప్రత్యేకమే'. ఇది కట్టాక లోపల ఏం చేసినా చెల్లుతుంది.

తర్వాత చట్టం సంగతి. 1995 నాటి చట్టంలో వైకల్యాలు ఏడే. హాయిగా ఉండేది. 2016లో వాటిని 21 చేసి, ఆటిజాన్నీ చదవడం రాయడంలో వచ్చే చిక్కుల్నీ కూడా చేర్చేశారు. వైకల్యం ఉందని సీటు కాదనకూడదట. ఒకటో తరగతిలో చేర్చుకోవడానికి పరీక్ష పెడితే విద్యాహక్కు చట్టం కింద మొదటిసారి 25 వేల దాకా, ఆపై ప్రతిసారీ 50 వేల దాకా జరిమానా. అందుకే మనం పరీక్ష పెట్టం, 'ఇంటరాక్షన్' చేస్తాం. పిల్లాడు కుర్చీలో కుదురుగా కూర్చోకపోయినా, పేరడిగితే పైన ఫ్యాన్ వైపు చూసినా, ఆ క్షణమే మన సీట్లన్నీ నిండిపోతాయి. కాగితం మీద మాత్రం ఒక్క ముక్క రాయకండి.

నర్సరీ పిల్లలతో పని తేలిక, ఎందుకంటే ఇంట్లో పెద్దవాళ్లు మన పక్షం. మూడేళ్లు నిండినా మాటలు రాలేదని తల్లి కంగారుగా వస్తే "వస పోశారా?" అని అడగండి. పోశామంటే "సరిగ్గా అరగదీసి ఉండరు" అనండి. ఆ తర్వాత మేనమామని రంగంలోకి దించండి. ఐదేళ్లదాకా నోరు విప్పని మేనమామ ప్రతి ఇంట్లోనూ ఒకడుంటాడు, ఇప్పుడు వాడి నోరు మూయించేవాడు లేడు. చెవి పరీక్ష మాట మాత్రం రానివ్వకండి. పిలిస్తే పలకకపోవడం పొగరే తప్ప చెవుడెందుకవుతుంది? అంగన్‌వాడీకి ఆర్‌బీఎస్‌కే అని సర్కారు డాక్టర్ల బండి వస్తుంటుంది, పసిపిల్లల నుంచి 18 ఏళ్లవాళ్ల దాకా ఉచితంగా చూస్తారు. ఆ రోజు పిల్లాణ్ణి అమ్మమ్మగారింటికి పంపెయ్యమని చెప్పండి.

ఇక బళ్లో చేరిపోయాక బయటపడే రకం. మా రెండో తరగతిలో ఒకడుండేవాడు. కథ చెబితే వినగానే అప్పజెప్పేవాడు, బస్సు ఏ సందులో తిరుగుతుందో కొత్త డ్రైవరుకి వాడే చూపించేవాడు. పుస్తకం తెరిస్తే మాత్రం మ, య ఒకలాగే కనిపించేవి వాడికి. రోజూ లేపి నిలబెట్టి గట్టిగా చదివించాం. 'మామిడి' కాస్తా 'యాయిడి' అయ్యేది, క్లాసంతా గొల్లుమనేది. ఆ నవ్వుకి సిగ్గుపడి అక్షరం దిద్దుకుంటాడని మా టీచరు నమ్మకం. వందసార్లు ఇంపోజిషన్ ఇచ్చాం. వందసార్లూ 'యాయిడి' అనే రాసుకొచ్చాడు, గీత తప్పకుండా. నెల తిరిగేసరికి చదవమంటే నోరే తెరవడం మానేశాడు. తప్పులు పూర్తిగా పోయాయి.

సిబ్బంది విషయంలో ఒక హెచ్చరిక. ఎల్‌కేజీలో ఓ పాప గంట కొడితే చాలు, కెవ్వుమని బెంచీ కిందికి దూరేది. మా ఆయా ఒకామె, అడగకుండానే, గంటకి రెండు నిమిషాల ముందు పాప దగ్గరికెళ్లి "బంగారూ, ఇప్పుడు గంట కొడతారమ్మా" అని చెప్పి, ఆ చిన్న అరచేతుల్ని తనే తీసి చెవుల మీద పెట్టేది. గంట మోగేది, ఆగేది. పాప చేతులు దించి అన్నం డబ్బా మూత తీసుకునేది. అంతే. చూశారా ఎంత ప్రమాదమో! బీఈడీ లేని మనిషి పైసా ఖర్చు లేకుండా ఇలా చేసేస్తే, రేపు షాడో టీచరు పేరు చెప్పి తల్లిదండ్రుల దగ్గర నెలనెలా మనమేం వసూలు చేస్తాం? ఆమెని బాత్రూముల డ్యూటీకి మార్చాను. పాప మళ్లీ బెంచీ కిందికి వెళ్లింది.

వైకల్యం ఉందని ఇచ్చే సదరం సర్టిఫికెట్ గురించి రెండే వాక్యాలు బట్టీ పట్టండి. లేదంటే, "అయితే మీవాడికే సమస్యా లేదు, బద్ధకం." ఉందంటే, "అయితే ఇది స్పెషల్ స్కూలు కేసండీ." ఈ రెండింటి మధ్య మూడో వాక్యం పట్టేంత సందు ఉండకూడదు. మండలంలో ఇలాంటి పిల్లల కోసమే భవిత కేంద్రం ఉందనీ, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల కోసం 1984లోనే జాతీయ సంస్థ పెట్టారనీ మీ నోటితో చెప్పకండి. ఇలాంటివి తెలిసిన తల్లి మర్నాడు కాగితాలతో వస్తుంది.

పరీక్షలప్పుడు ఇంకో తంటా. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్లకి గంటకి కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలనీ, అవసరమైనవాళ్లకి రాసిపెట్టే మనిషిని ఇవ్వాలనీ 2018లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. అంటే మూడు గంటల పేపరుకి ఇంకో గంట! "మరి మిగతా పిల్లలకి అన్యాయం కాదా?" అని పేరెంట్స్ మీటింగులో మీరే అంటించి వదిలెయ్యండి, మిగతాది వాళ్లు చూసుకుంటారు. మా దగ్గర ఒక తండ్రి మాత్రం లేచి "మావాడు కళ్లజోడు పెట్టుకుని రాస్తాడండీ, అది కూడా తీయించేస్తారా?" అన్నాడు. వెంటనే టీ తెప్పించాను.

చివరికి టీసీ. దస్తూరి బాగుండాలి. నడవడిక గడిలో 'సంతృప్తికరం'. మానడానికి కారణం గడిలో 'తల్లిదండ్రుల కోరిక మేరకు'. మామిడి పిల్లాడికి నేనే నా చేత్తో రాసిచ్చాను. వాళ్లమ్మ ఆటో కోసం గేటు దగ్గర నిలబడి ఉంది. వాడు తలెత్తి ఫ్లెక్సీ మీద అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుంటున్నాడు. 'ప్ర... త్యే... క...' దాకా వచ్చాడు. ఆ తర్వాతది మ అన్నాడో, య అన్నాడో, ఆటో చప్పుడులో నాకు వినబడలేదు.