పదికి ఏడు

చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి బస్సుల్లో కిటికీ పక్క సీటు పట్టుకుని, ఊళ్లు దాటుతున్నా తల ఎత్తని కుర్రవాడు ఒకడుంటాడు. వాడు ఫోన్లో ఆట ఆడుతున్నాడనుకుంటే పొరపాటు. ఆడటం అల్పుల పని, అతను డెక్కు టెస్ట్ చేస్తున్నాడు. 2024 అక్టోబరు 30న పోకెమాన్ టీసీజీ పాకెట్ అనే కార్డుల ఆట ప్రపంచమంతటా విడుదలయ్యాక ఈ జాతికి కొత్త మేత దొరికింది. డెక్కుకి 20 కార్డులు, ఒకే పేరు కార్డు రెండుకి మించకూడదు. ఏ ఇరవై పెట్టుకోవాలన్నది తేల్చడమే అతని వృత్తి. తేల్చాక తీర్పు ఎప్పుడూ ఒకటే: "పదికి ఏడు గెల్చినాను అన్నా, దీనికింక తిరుగు లేదప్పా." అతను డెక్కుని పరీక్షించడం లేదనీ, ముందే రాసుకున్న తీర్పుకు దాని చేత సాక్ష్యం చెప్పిస్తున్నాడనీ నా వాదన.

సాక్ష్యాన్నే చూద్దాం. గెలుపోటములు సరిసమానంగా ఉండే మామూలు డెక్కుతో పది ఆటలాడినా, ఏడో అంతకు మించో గెలిచే అవకాశం 17 శాతం ఉంది. అంటే అలాంటి డెక్కులతో ఆరుగురు తలా పది ఆడితే ఒకరు అజేయుణ్ణని ప్రకటించుకోవడంలో వింతేమీ లేదు. మనవాడు ఆ ఒకడు కావడానికి ఇంకో కిటుకు కూడా వాడతాడు. మొదటి పదిలో నాలుగే వస్తే అది వార్మప్. తర్వాతి పదిలో ఏడు వస్తే అది టెస్టు. ఓడినప్పుడు నేరం మిస్టీ కార్డుది. బొరుసు పడేదాకా నాణెం ఎగరేసి, పడిన ప్రతి బొమ్మకీ నీటి పోకెమాన్‌కి ఒక శక్తి ఇవ్వమంటుందది, మొదటి ఎగురుకే బొరుసు పడటం సగం సగం. ఎదుటివాడికి వరసగా నాలుగు బొమ్మలు పడితే దొంగాట, తనకి పడితే వ్యూహం. "రీసెర్చ్ కార్డు రెండు పెట్టినా చేతికి రాలే" అని ఇంకో ఫిర్యాదు. ఇరవైలో రెండున్న కార్డు మొదట చేతికొచ్చే అయిదింట్లో పడకపోవడమే ఎక్కువసార్లు జరుగుతుంది, ఇందులో కుట్రేమీ లేదు. ఇక ప్రత్యర్థి ఎవరంటే, నిన్ననే ఆట దింపుకున్న పిన్నమ్మ కొడుకు.

ఇదంతా నైపుణ్యానికి సంబంధించినది, లెక్కలకేం తెలుసు అంటాడతను. రమ్మీ ముఖ్యంగా నైపుణ్యమున్న ఆటేనని సుప్రీంకోర్టే చెప్పింది కదా అని సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద 1960లలో నడిచిన సత్యనారాయణ కేసును కూడా లాక్కొస్తాడు. నిజమే. పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి అని కోర్టు అన్నది. నైపుణ్యం రమ్మీలో ఉందన్నదే గానీ ఇతనిలో ఉందనలేదు. రెండో అభ్యంతరానికి కాస్త బలముంది: పది చాలవంటే వందలాది ఆటలు ఎవడాడతాడు? నూరు ఆటలాడినా ఫలితం అయిదు అటూ ఇటూ ఊగుతుంది, నూటికి యాభై అయిదు గెలిచే డెక్కునీ యాభై గెలిచేదాన్నీ కొంచెం నమ్మకంగా విడదీయాలంటే నాలుగొందలు కావాలి. అన్ని ఆడమని ఎవరూ అడగరు. శిడ్లఘట్ట మార్కెట్లో పట్టుగూళ్లు కొనే రీలరు ప్రతి గూడునీ విప్పి చూడడు, అడుగున చెయ్యి పెట్టి అక్కడివీ తీసి చూస్తాడు. మనవాడికి అడుగు అంటే ఓడిన ఆటలు. ముందు ఎవరు ఆడారు, ఏ కార్డు చేతిలో పనికిరాకుండా పడుంది అని రాసుకుని, ఒక్కసారికి ఒక్క కార్డే మారిస్తే ముప్ఫై ఆటలు కూడా ఏదో ఒకటి చెబుతాయి. అతనైతే ఒక్క ఓటమికి ఆరు కార్డులు మారుస్తాడు. తర్వాత గెలిస్తే ఆ ఆరింట్లో ఏది గెలిపించిందో పోకెమాన్ దేవుడికే ఎరుక.

అన్నిటికన్నా చవకైన పరీక్ష ఇంకొకటుంది. ఫోన్లు మార్చుకుని, తన డెక్కు పిన్నమ్మ కొడుక్కిచ్చి, వాడి డెక్కుతో తాను ఆడటం. ఇందులో చిక్కేమిటంటే, చిన్నోడు గెలిస్తే డెక్కు గొప్పదని తేలుతుంది గానీ ఇన్నాళ్ల గెలుపుల్లో అన్న ఘనత ఎంత అన్న ప్రశ్న లేస్తుంది. చిన్నోడు ఓడితే అన్న గొప్పవాడే, కానీ తిరుగులేని డెక్కు తిరగబడినట్టు. రెండు దారుల్లోనూ ఏదో ఒకటి పోతుంది. అందుకే చిన్నోడు ఆ మాట ఎత్తినప్పుడల్లా అన్న ఫోన్లో చార్జి ఉండదు.