పన్నెండు వోల్టుల బాధ్యత

నన్ను ఎస్ఎంపీఎస్ అంటారు. కంప్యూటర్ కేబినెట్ అడుగున ఇనప పెట్టెలో ఉంటాను. ప్లగ్గులోంచి వచ్చే 230 వోల్టుల ఏసీ కరెంటును 12, 5, 3.3 వోల్టుల డీసీగా మార్చి బోర్డుకీ, ప్రాసెసర్‌కీ, గ్రాఫిక్స్ కార్డుకీ అందించడం నా పని. తక్కువ డబ్బుతో గేమింగ్ కంప్యూటర్ కట్టించుకునేవాళ్ళు నా గురించి ఆఖర్న ఆలోచిస్తారు. డబ్బు చాలకపోతే మొదటి కోత నాకే. ఆ కోత నుంచి నేనెలా బయటపడ్డానో చెప్పాలి.

2022 దసరా ముందు వైజాగ్ ద్వారకానగర్‌లో ఒక షాపు అరలో ఉన్నాను. చోడవరం నుంచి తండ్రీ కొడుకులు వచ్చారు. ఆ ఏడు ఏప్రిల్‌లోనే వాళ్ళ ఊరు విశాఖ జిల్లా నుంచి కొత్త అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది గానీ, అబ్బాయి మాత్రం అలవాటుకొద్దీ వైజాగ్ జిల్లా అనే చెప్పాడు. తండ్రి గోవాడ షుగర్ ఫ్యాక్టరీకి చెరకు తోలే రైతు. కొడుకు డిగ్రీ చదువుతూ చిన్నపిల్లలకు ట్యూషన్లు చెప్పి కొంత కూడబెట్టాడు, తండ్రి కొంత కలిపాడు. మొత్తం 55 వేలు. మానిటర్ ఇంట్లో ఉంది, అక్క చదువుకున్న పాత కంప్యూటర్‌ది.

2020 సెప్టెంబరులో కేంద్రం పబ్జీ మొబైల్‌ని నిషేధించినప్పటి నుంచి కంప్యూటర్ మీదే ఆ అబ్బాయి మనసు. కానీ అప్పుడు గ్రాఫిక్స్ కార్డుల ధరలు ఆకాశంలో ఉన్నాయి. ఈథీరియం అనే క్రిప్టో కరెన్సీని కార్డులతో తవ్వేవాళ్ళు దొరికిన కార్డునల్లా ఎగరేసుకుపోయేవారు. 2022 వేసవి నుంచి ధరలు దిగడం మొదలైంది. సెప్టెంబరు 15న ఈథీరియం తన పద్ధతే మార్చుకుని కార్డులతో పని లేకుండా చేసుకోవడంతో ఆ గిరాకీ కాస్తా పోయింది. ఆర్ఎక్స్ 6600 కార్డు ఒక రైతు కొడుకు చీటీలోకి ఎక్కిందంటే కారణం అదీ.

ఆ చీటీని కౌంటర్ మీద పరిచినప్పుడు నేనూ చూశాను. బాగా చదివి రాసిన చీటీ. ప్రాసెసర్ ఐ3 12100ఎఫ్: నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు, చాలా ఆటలకు సరిపోతుంది. చివరనున్న ఎఫ్ అక్షరానికి అర్థం అందులో డిస్‌ప్లే గ్రాఫిక్స్ లేవని. కార్డు ఎలాగూ ఉంటుంది కాబట్టి ఆ మేరకు డబ్బు మిగులుతుంది. ర్యామ్ ఒకటే 16 జీబీ కాకుండా 8 జీబీవి రెండు రాశాడు, రెండు దారుల్లో డేటా నడుస్తుందని. వాలొరెంట్ లాంటి ఆటలో ఆ తేడా తెరమీద కనిపిస్తుంది. ఇన్ని తెలిసినవాడు కేబినెట్ ఎదురుగా మాత్రం "రంగుల లైట్లు, ఎస్ఎంపీఎస్ ఫ్రీ" అని రాసుకున్నాడు.

షాపతను చీటీ అంతా చదివి, "కార్డు మంచిదే ఎంచావు తమ్ముడూ. మరి దీనికి కరెంటు ఎవరిస్తారు?" అన్నాడు.

"ఫ్రీగా వచ్చేది 450 వాట్లు కదన్నా?"

అతను ఆ ఫ్రీ పెట్టెను తీసి బోర్లించి, లేబుల్ మీద వేలు పెట్టాడు. "పెద్దక్షరాలు వదిలెయ్. ఈ గడి చూడు. 12 వోల్టుల దగ్గర 15 ఆంపియర్లే. హెచ్చవెయ్యి, 180 వాట్లు. నీ కార్డుకే 132 కావాలి. ప్రాసెసర్ గట్టిగా పనిచేస్తే 89 దాకా లాగుతుంది. బోర్డూ, ఫ్యాన్లూ కలుపుకుంటే 270 దగ్గరికొస్తావు."

తర్వాత నన్ను దించాడు. నా గడిలో 12 వోల్టుల దగ్గర 45 ఆంపియర్లు, అంటే 540 వాట్లు. కరెంటు వృథా తక్కువని చెప్పే ఎనభై ప్లస్ బ్రాంజ్ గుర్తు కూడా ఉంది. తండ్రి రెండు పెట్టెల్నీ చెరో చేత్తో పట్టుకున్నాడు. బరువులు తూచడం తెలిసిన చేతులు. తేలికదాన్ని వెంటనే కౌంటర్ మీద పెట్టేశాడు.

"ఆ రంగుల లైట్లు మానీరా, ఇదే పెట్టించీ" అన్నాడు.

లైట్ల కేబినెట్ పోయి మామూలుది వచ్చింది. ఒక టీబీ ఎస్ఎస్‌డీ 500 జీబీకి తగ్గింది. నాకు చోటు దొరికింది. సబ్బవరం మీదుగా బస్సులో చోడవరం చేరాం.

ఇంట్లో మొదటి రోజే ఒక సంగతి బయటపడింది. అబ్బాయి కేబినెట్‌కి చెయ్యి ఆనిస్తే జివ్వుమంది. నేను పాడైపోయానేమోనని కంగారుపడ్డాడు. నాలో లోపం లేదు. కరెంటులోని రొదను వడగట్టడానికి నా గుమ్మం దగ్గర చిన్న కెపాసిటర్లుంటాయి. అవి ఆ రొదను ఎర్త్ తీగలోకి దించాలి. ఆ సాకెట్‌కి మూడు రంధ్రాలున్నాయి గానీ పై రంధ్రం వెనక తీగే లేదు. దిగే దారి లేక ఆ కాస్త కరెంటూ ఇనప పెట్టె మీదే నిలబడింది.

ఎలక్ట్రీషియన్ వచ్చి టెస్టర్ ఆనించి చూసి, "ఎర్త్ లేదు బాబాయ్" అన్నాడు. మర్నాడు పెరట్లో తండ్రే గొయ్యి తవ్వాడు. జీఐ పైపు నిలబెట్టి, చుట్టూ ఒక వరస బొగ్గు, ఒక వరస ఉప్పు వేసి, మట్టి కప్పి, నీళ్ళు పోశారు. ఆకుపచ్చ తీగ సాకెట్ దాకా వచ్చింది. తండ్రి వచ్చి కేబినెట్ మీద అరచెయ్యి మొత్తం ఆనించి చూశాకే కొడుకుని కూర్చోనిచ్చాడు. ఎండాకాలంలో మట్టి ఆరిపోకుండా ఆ గొయ్యిలో ఇప్పటికీ నీళ్ళు పోస్తాడాయన. నాకు జరిగిన మేలుల్లో అంతకన్నా పెద్దది లేదు.

సాయంత్రం పూట వీధిలో మోటార్లు ఆడితే వోల్టేజీ 180కి పడిపోతుంది. ట్యూబ్‌లైటు కొట్టుకుంటుంది. నా లోపల పీఎఫ్‌సీ సర్క్యూట్ ఉంది. వచ్చింది 180 అయినా 240 అయినా ముందు దాన్ని 400 వోల్టుల దగ్గరి డీసీకి ఎత్తి పెద్ద కెపాసిటర్‌లో నింపుతుంది. అక్కణ్నుంచే పన్నెండుకి దించుతాను. ఆ పన్నెండు 11.4కి తగ్గకూడదు, 12.6 దాటకూడదు. ఆట మధ్యలో కార్డు ఒక్కసారిగా గుంజినా ఆ గీత దాటనివ్వను. తెరమీద అబ్బాయికి ఇదేదీ తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

మొన్న వడ్డాది నుంచి అతని స్నేహితుడొకడు తన చీటీ పట్టుకొచ్చాడు. దాన్లో ఐ5 ఉంది, నీళ్ళతో చల్లబరిచే కూలర్ ఉంది, కార్డుకి మిగిలింది మాత్రం కొద్దిగానే. మా అబ్బాయి కూలర్ కొట్టేసి, ఐ5ని ఐ3 చేసి, ఆ డబ్బు కార్డు వైపు జరిపాడు. ఎస్ఎంపీఎస్ గడి ఖాళీగా ఉండటం చూసి టార్చి తెచ్చి, కేబినెట్ పక్క రేకు విప్పి నా లేబుల్ చూపించాడు.

"12 వోల్టుల దగ్గర ఎన్ని ఆంపియర్లో రాసుకో. మీ ఇంట్లో ఎర్త్ ఉందేట్రా?"

వాడికి తెలియదు. ఇద్దరూ టెస్టర్ పట్టుకుని బండి మీద వడ్డాది బయల్దేరారు.