ఆడమ్స్‌టౌన్ కామందు

మా అపార్టుమెంట్లలో ఆయన్ని అందరం కామందు అంటాం. వెటకారానికే అంటాం. ఆయన మాత్రం దాన్ని బిరుదులాగే పుచ్చుకున్నాడు.

పగలంతా డబ్లిన్‌లో ఒక ఆఫీసులో కూర్చుని ఎవరివో సర్వర్లు పడిపోకుండా చూసుకుంటాడు. సాయంత్రం హ్యూస్టన్ స్టేషన్‌లో రైలెక్కి ఆడమ్స్‌టౌన్‌లో దిగేసరికి మనిషి మారిపోతాడు. నడక కూడా మారుతుంది. చేతులు వెనక్కి కట్టుకుని, గట్టు మీద పోతున్నట్టు ప్లాట్‌ఫారం అంచున నడుస్తాడు. నరసరావుపేట అవతల ఆయనకి ఎనిమిదెకరాలుంది. నాలుగు సాగర్ కుడి కాలవ కింద మాగాణి, నాలుగు నల్లరేగడి మెట్ట. వాళ్ళ నాన్న, ఒక డ్రైవరు, ఒక పాత మాస్సీ ఫెర్గూసన్ 1035 కలిసి ఆ సేద్యం నెట్టుకొస్తుంటారు. ఈయన ఇక్కణ్ణుంచి పర్యవేక్షిస్తుంటాడు.

తెలుగువాళ్ళున్న ఏ దేశంలోనైనా ఇలాంటివాళ్ళు వీధికొకరు ఉంటారు. ఒకాయన ఊళ్ళో బోరు మోటారుని ఇక్కడ సోఫాలోంచి ఆన్ చేస్తాడు. ఇంకొకాయన గొడ్లచావిట్లో కెమెరా పెట్టించి, ఆఫీసు మీటింగులో మొహం సీరియస్‌గా పెట్టుకుని గేదెని చూస్తుంటాడు. మా కామందుది టైర్ల శాఖ.

ఆ శాఖ ఎలా వచ్చిందంటే, పోయినేడు వేసంగిలో వాళ్ళ నాన్న మాటవరసకి "వెనక టైర్లు గుండైపోయినాయిరా, మార్చాల" అన్నాడు. అన్నది సమాచారం కోసం. ఈయనకది సలహా అడిగినట్టు వినపడింది. ఆ బండికి వెనక 12.4 బై 28 వేసుకోవచ్చు, 13.6 బై 28 వేసుకోవచ్చు. మొదటి అంకె టైరు వెడల్పు, రెండోది రిమ్ము, రెండూ అంగుళాల్లోనే. రెండు టైర్లకీ వెడల్పులో తేడా అంగుళంపాతిక కూడా లేదు. ఆ కాస్త తేడా మా ఆడమ్స్‌టౌన్‌లో మూడు నెలలు నలిగింది.

ఉగాది విందులో బిర్యానీ పళ్ళెం పట్టుకుని ఖాళీ కుర్చీ కోసం చూసే ప్రతివాడూ ఆయన పక్కనే చిక్కేవాడు. "మీరైతే ఏది వేస్తారు?" అని మొదలెట్టేవాడు. వెడల్పుదైతే బరువు పరుచుకుని మెత్తటి నేలలో కూరుకుపోదు, ట్రక్కు లాగేటప్పుడు పట్టు ఉంటుంది. సన్నదైతే పత్తి సాళ్ళ మధ్య మొక్కని తొక్కకుండా పోతుంది, ధర కూడా తక్కువ. పోనీ మాగాణి దమ్ము కోసం వెడల్పుది తీసుకుందామా అంటే, దమ్ములో ఎలాగూ కేజి చక్రాలే కదా పనిచేసేది! ఇదంతా ఒక ఎక్సెల్ షీటులో ఉంది. రంగులు కూడా వేశాడు. ఆ షీటు నాకూ పంపాడు. నాకు పొలం లేదని తెలుసు, అయినా పంపాడు.

నాకు తోచింది ఒకటే. ఏ పంట వేయాలో ఊళ్ళో ఈయన్ని అడగరు. మిర్చి ఎప్పుడమ్మాలో గుంటూరు యార్డు చెబుతుంది. నీళ్ళెప్పుడో సాగర్ చెబుతుంది. కూలి ఎంతో కూలీలే చెబుతారు. ఇన్నిటి మధ్య కొడుకుగా ఆయన మాట చెల్లే జాగా ఏదైనా మిగిలిందంటే అది టైరొక్కటే. వాన అక్కడొకటి ఇక్కడొకటి గానీ అంగుళం ఎక్కడైనా అంగుళమే. అందుకే దాన్ని వదల్లేదు.

చక్రాల ఎడం దగ్గరికొచ్చేసరికి వ్యవహారం ఇంట్లోకే వచ్చింది. ఒక ఆదివారం ఏదో అడగడానికి తలుపు కొడితే, వాళ్ళావిడ తీసి, "రండి అన్నయ్యగారూ, గట్టు దాటి రండి" అంది. చూస్తే హాల్లో కార్పెట్ మీద అడుగుకొకటి చొప్పున నీలం రంగు టేపు గీతలు. గీతల మీద టెస్కోలో దొరికే కొత్తిమీర కుండీలు వరసగా. అవి పత్తి మొక్కలట. ట్రాక్టరు స్థానంలో పిల్లవాడి పుష్‌చైర్. డ్రైవరు స్థానంలో పిల్లవాడే, చేతిలో బిస్కెట్టు.

"సూత్రం చాలా తేలిక," అన్నాడు కామందు, మోకాళ్ళ మీదే ఉండి. "సాలుకీ సాలుకీ మధ్య ఎంతో, చక్రాల మధ్య దానికి రెట్టింపు ఉండాలి. మాది మూడడుగుల సాలు. అంటే చక్రం నడుమ నుంచి చక్రం నడుముకి 72 అంగుళాలు. రెండు సాళ్ళు కడుపు కిందనుంచి పోతాయి, చక్రాలు మాత్రం సందుల్లోనే నడుస్తాయి. ఇక్కడ అడుగు సాలు పెట్టాను. దీని వెనక చక్రాలు కొలిచాను, సరిగ్గా రెండడుగులు. చూడండి."

తోశాడు. వెనక చక్రాల సంగతి ఆయన చెప్పినట్టే ఉంది గానీ, పుష్‌చైర్‌కి ముందు చక్రాలు బాగా దగ్గరగా ఉంటాయి. అవి తిన్నగా కొత్తిమీర మీదికెక్కాయి. రెండు కుండీలు పడ్డాయి, మన్ను కార్పెట్ మీద పోసుకుంది. డ్రైవరు చప్పట్లు కొట్టాడు.

"ఇదే నేను చెప్పేది!" అన్నాడు కామందు, నెగ్గినవాడిలా. "వెనక ఎడం మార్చి ముందు ఎడం మార్చకపోతే ఇదే జరుగుతుంది. ముందు ఇరుసుకి బెజ్జాలుంటాయి, బోల్టు తీసి జరుపుకోవాలి."

"అది రాత్రి పచ్చడికి తెచ్చిన కొత్తిమీర," అంది వాళ్ళావిడ.

మా ఊరికి అవతల, న్యూకాసిల్ వైపు, ఇంకా పొలాలున్నాయి. నిజానికి మేముండేది కూడా పొలాల్లోనే. 2003లో ప్లాను ఖాయమై, 2007లో స్టేషన్ తెరుచుకోక ముందు ఇదంతా బీడూ పంటా. అటునుంచి అప్పుడప్పుడు పేడనీళ్ళ ట్యాంకరు లాక్కుంటూ పెద్ద ట్రాక్టరొకటి రోడ్డు మీదికొస్తుంది. కామందు కారాపి దాని టైరు ఫొటో తీస్తాడు. ఒకసారి దాని మీద 650/65 ఆర్ 38 అని ఉంది. వెడల్పు 650 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 65 శాతం, ఆర్ అంటే రేడియల్, రిమ్ము మాత్రం 38 అంగుళాలు. ఒకే టైరు మీద మీటరూ అంగుళమూ కాపురం చేస్తున్నందుకు ఆయన వారం రోజులు బాధపడ్డాడు. ఫొటో ఊరికి పంపితే డ్రైవరు నుంచి జవాబొచ్చింది: "అన్నా, దీని మీద మంచమేసుకుని పడుకోవచ్చు."

ఇండియా నుంచి అత్తమామలు వచ్చినప్పుడు అందరూ వాళ్ళని క్లిఫ్స్ ఆఫ్ మొహర్ తీసుకెళతారు. కామందు డీన్స్‌గ్రేంజ్ శ్మశానానికి తీసుకెళ్ళాడు. అక్కడ జాన్ బాయ్డ్ డన్‌లప్ సమాధి ఉంది. బెల్‌ఫాస్ట్‌లో పశువుల డాక్టరు, కొడుకు మూడు చక్రాల సైకిలు కుదుపుతోందని గాలి టైరు చేసి 1888లో పేటెంటు తీసుకున్నవాడు. మరుసటేడే డబ్లిన్‌లో కంపెనీ లేచింది. 1921లో డబ్లిన్‌లోనే పోయాడు. మామగారు చేతులు జోడించాడు కూడా. తిరిగొచ్చాక అత్తగారు, శ్మశానానికెళ్ళి వచ్చినవాళ్ళు తలస్నానం చేస్తే గానీ గడప తొక్కడానికి వీల్లేదని గుమ్మంలో అడ్డంగా నిలబడింది. డబ్లిన్‌లో అది ఫిబ్రవరి నెల. అపార్టుమెంటుకి పెరడూ లేదు, నుయ్యీ లేదు. పైన మెట్ల దగ్గర నెత్తిన నాలుగు చుక్కలు చల్లుకుని రాజీ పడ్డారు.

సైకిలుకీ కారుకీ గాలి వచ్చినా ట్రాక్టరు మాత్రం చాలాకాలం ఇనప చక్రాల మీదే నడిచింది. ఇక్కడే కార్క్‌లో ఫోర్డు 1919 నుంచి చేసిన ఫోర్డ్‌సన్‌లవి ఇనప చక్రాలే. 1932లో అమెరికాలో అలిస్-చామర్స్ వాళ్ళు రబ్బరు టైర్లతో ట్రాక్టరు అమ్మడం మొదలెట్టాక గానీ రోజులు మారలేదు. అంత కష్టపడి వదిలించుకున్న ఇనుముని మనం ఆషాఢంలో దమ్ముకి మళ్ళీ కేజి చక్రాలుగా తగిలించుకుంటున్నాం. అదే కేజి చక్రాలతో తారురోడ్డెక్కితే పోలీసులు పట్టుకుంటారు, అది వేరే సంగతి. కామందుకి అన్నిటికన్నా గర్వం హ్యారీ ఫెర్గూసన్. డౌన్ కౌంటీలో 1884లో పుట్టి, ట్రాక్టరు వెనక నాగలిని మూడు చోట్ల పట్టి హైడ్రాలిక్‌తో పైకెత్తే ఏర్పాటు చేసినవాడు. ఆయన చిన్న బూడిదరంగు ట్రాక్టర్లు 1946 నుంచి పదేళ్ళలో ఐదు లక్షలకి పైగా తయారయ్యాయి. చక్రాల ఎడం నాలుగేసి అంగుళాల చొప్పున మార్చుకునే వీలు వాటికి అప్పుడే ఉంది. "మా బండికి ఇది పుట్టిల్లండీ," అంటాడు కామందు. బండి చెన్నై టాఫే వాళ్ళ దగ్గర పుట్టిందని నేను గుర్తు చేయను.

ఐర్లండ్‌లో ఆడమ్స్‌టౌన్లు రెండున్నాయని కనిపెట్టింది కూడా ఆయనే. రెండోది వెక్స్‌ఫర్డ్ కౌంటీలో, నిజమైన పల్లెటూరు. ఏటా జులైలో అక్కడ వ్యవసాయ ప్రదర్శన జరుగుతుంది. కామందు అక్కడికెళ్ళి ఎడ్లంత గొర్రెలతో, ఏనుగులంత ట్రాక్టర్లతో ఫొటోలు దిగి, "మా ఆడమ్స్‌టౌన్‌లో" అని కింద రాసి ఊరికి పంపాడు. ఇప్పుడు వాళ్ళ నాన్న ఇంటికొచ్చినవాళ్ళందరికీ, "మావాడు ఉద్యోగం చేస్తా ఉన్నా, ఉండేది మాత్రం గొడ్ల మధ్యనే" అని చెబుతున్నాడట.

సలహాలన్నీ ఒక ఎత్తు, కాల్షియం క్లోరైడ్ ఒక ఎత్తు. ట్రాక్టరు వెనక టైర్లలో ముప్పాతిక దాకా నీళ్ళు నింపడం మామూలే. బరువుకి చక్రం జారదు, ముందు భాగం ఎగరదు. ఈ చలిదేశాల్లో ఆ నీళ్ళు గడ్డకట్టకుండా కాల్షియం క్లోరైడ్ కలిపేవారు. అదెక్కడో చదివి కామందు అర్జెంటుగా మెసేజ్ కొట్టాడు. వాళ్ళ నాన్న ఫోన్ చేశాడు. "ఒరే, పేటలో నీళ్ళు గడ్డకట్టే రోజొస్తే, నేను సేద్యం మానేసి ఐసు ఫ్యాక్టరీ పెడతా. నువ్వు ముందు పడుకో." ఆ ఉప్పు నీళ్ళకి రిమ్ములు తుప్పు పడతాయన్న సంగతి కూడా డ్రైవరే చెప్పాడు.

టైర్లు మార్చే రోజు రానే వచ్చింది. గోడ అవతల మేమే ఉంటాం కాబట్టి ఆ ఘట్టం నాకు చెవులారా తెలుసు. జులై నెల. అక్కడ ఉదయం ఆరున్నర, ఇక్కడ రాత్రి రెండు. ఎడం పెంచాలంటే రిమ్మూ డిస్కూ బిగించిన నట్లు విప్పి తిరగేసి బిగించాలి. అయితే చక్రాన్ని ఉన్నచోటే తిరగేస్తే టైరు మీద గుబ్బలు ఎదురు తిరుగుతాయి. అందుకని కుడిది ఎడమకీ, ఎడమది కుడికీ మార్చాలి. ఈ మాట మెకానిక్‌కి చెప్పమని కామందు నెల రోజులుగా పోరుతున్నాడు. డ్రైవరు ఫోన్ పట్టుకుని బండికి ఎదురుగా నిలబడి కొత్త టైరు చూపించాడు.

గోడ అదిరింది. "నామం! నాన్నా, గుబ్బలు నామంలా ఉన్నాయి! ఇంటి కప్పులా ఉండాల్సినవి! తిరగేసి బిగించారు! ఆ మెకానిక్ మనకి నామం పెట్టాడు నాన్నా!"

అటు కాసేపు చప్పుడు లేదు. తర్వాత ముసలాయన గొంతు, తొందరేమీ లేకుండా. "నామం ముందునుంచి చూస్తే కనపడిద్దిరా. డ్రైవరూ, వెనక్కిపోయి చూపించయ్యా."

వెనక నుంచి శుభ్రంగా ఇంటి కప్పు. అదే టైరు, అదే గుబ్బ. ముందు నుంచి చూస్తే కిందికి, వెనక నుంచి చూస్తే పైకి. ఆ తర్వాత గోడ అవతల మంచినీళ్ళు తాగిన చప్పుడు మాత్రం వినపడింది.

మర్నాడు స్టేషన్‌లో నేనే అడిగాను, ఇంతకీ ఏ టైరు వేశారని. 12.4, అన్నాడు. ఎడం 72 పెట్టించారా అంటే మొహం పక్కకి తిప్పుకున్నాడు. పాత ఎడమెంతుందో అంతే పెట్టారట. ఇప్పేది ఇప్పి, పాత గుర్తు మీదే బిగించారు. కొలవలేదా అంటే, ఎందుకు కొలవాలన్నాడట డ్రైవరు. పత్తికి అచ్చు తోలే గొర్లు ఊరందరికీ ఒకే వడ్రంగి చేశాడు. ఊళ్ళో ఎవరి చేలో సాలైనా ఒకటే. బండి కిరాయికి తిరగాలంటే ఆ ఎడమే ఉండాలి, పైగా అది ముప్పై ఏళ్ళనాటి నుంచీ ఉన్నదే.

"టేపు పెట్టి కొలవమన్నాను," అన్నాడు కామందు. "కొలిచి చెప్పారు. 72."

రైలొచ్చింది. ఇద్దరం ఎక్కాం. హ్యూస్టన్ దాకా మాట్లాడలేదు.

రెండు నెలలకి ఆయన కారు ఎన్‌సీటీ తనిఖీకి వెళ్ళింది. ఇక్కడ టైరు గాడి 1.6 మిల్లీమీటర్ల కన్నా తగ్గితే పనికిరాదు. ఈయనవి నాలుగింట్లో మూడు తప్పాయి. అన్నాళ్ళూ కారు దిగి పక్క ట్రాక్టరు టైరు చూశాడు గానీ, దిగిన కారు టైరు చూసిన పాపాన పోలేదు. కార్ పార్కులో గొంతుక్కూచుని వాళ్ళ నాన్నకి వీడియో కాల్ చేస్తుంటే నేను పక్కనే ఉన్నాను. ఫోన్లో తండ్రి, వెనక డ్రైవరు, ఆ వెనక ఎవరో నలుగురు టీ గ్లాసులతో కనపడుతున్నారు.

"ఏం సైజన్నా?" అన్నాడు డ్రైవరు, ముందుకొచ్చి.

"205/55 ఆర్ 16."

"పదహారా? మన ముందు చక్రం రిమ్ము కూడా పదహారేగా. పాత టైరొకటి చావిట్లో ఉంది, పంపించమంటావా?"