మీవాడు మెడిసిన్‌కి సిద్ధమేనా? తేల్చి చెప్పే ఖల్లికోట పద్ధతి

నీట్ దరఖాస్తులు మొదలయ్యాయంటే చాలు, ఖల్లికోటలో మా మందుల షాపు బల్ల ముందు తల్లిదండ్రులు తేలతారు. జ్వరం బిళ్ల కొంటారు, చిల్లర తీసుకుంటారు, కదలరు. కాసేపు అటూ ఇటూ చూసి, "అది కాదు మావయ్యా, మా గుంటడు ఈ ఏడు రాయొచ్చంటావా?" అని ఎత్తుతారు. ఈ మాట కోచింగ్ మాస్టార్లనీ అడగొచ్చు, కానీ వాళ్లు మార్కులు చూపించమంటారు. నేనైతే మనిషిని చూసి చెప్పేస్తాను. రోజూ డాక్టర్ల చీటీలు చదివేవాడికి డాక్టరయ్యే మొహం ఎలా ఉంటుందో తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? ఈ విద్య నాతోనే పోకూడదని ఇక్కడ రాసి పెడుతున్నాను.

మొట్టమొదట చూడవలసింది పుట్టిన ఊరు. బరంపురంలో ఖల్లికోట కాలేజీ ఉంది చూశారూ, 1856లో బడిగా పెట్టారు, 1878లో కాలేజీ అయింది, తరవాత మా రాజావారు దానమిస్తే మా ఊరి పేరు పెట్టుకుంది. అంటే చదువన్నది మా ఊరి నుంచి బరంపురానికి ఎగుమతైన సరుకు. వి.వి. గిరి గారు ఆ కాలేజీలో చదివినవారే. మెడిసిన్ జోలికి పోకుండా లా చదవడానికి డబ్లిన్ వెళ్లారు, చివరికి రాష్ట్రపతి పదవితో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఆయన్నీ అనలేం. గంజాం అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. మనవాళ్లు డాక్టరు చదువుకి మద్రాసు పోవాలి, 1923 తరవాతైతే విశాఖపట్నం. 1936లో ఒడిశాలో కలిశాం. 1962లో పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి పేరున బరంపురంలో మెడికల్ కాలేజీ వెలిసింది. ఇంత చరిత్ర వెనకేసుకుని పుట్టిన పిల్లాడు సిద్ధంగా లేకపోవడం ఏమిటి? ఎన్‌సీఈఆర్‌టీ బయాలజీ పుస్తకం తెరిచాడా లేదా అన్నది దీని ముందు ఓ లెక్కలోది కాదు.

రెండోది నెత్తురు పరీక్ష. ఆదివారం పొద్దున్న పిల్లాణ్ని కోడికూర దుకాణానికి పంపండి. దగ్గరుండి కొట్టించి కిలో తెచ్చాడా, సర్జన్. తూలాడా, పిల్లల డాక్టరు. "నేను వెళ్లను, వంకాయలు తెస్తాను" అన్నాడా, చర్మం డాక్టరు. ఆ లైన్లో రాత్రి డ్యూటీలు తక్కువ, రాబడి ఎక్కువ. దీన్ని వెక్కిరించేవాళ్లు లేకపోలేదు. మొదటి ఏడాది అనాటమీ హాల్లో నెత్తురే కనపడదట. కళ్లు మండే ఫార్మలిన్ వాసన, నిన్న చూపించిన నరం ఎక్కణ్నుంచి బయల్దేరి ఎక్కడికి పోతుందో ఇవాళ అప్పజెప్పడం, అంతేనట. ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ అయితే మరీ అన్యాయం, అక్కడ ముక్కుమొహం తెలియని రసాయనాలతో కాపురం. నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది హౌస్ సర్జన్సీ, ఆ తరవాత పీజీకి మళ్లీ ఇంకో నీట్. కాబట్టి ఓపిగ్గా కూర్చుని చదవగలడా, చదివింది నెల తరవాత గుర్తుంటోందా అన్నదే అసలు పరీక్ష అంటారు వాళ్లు. అలాంటి పరీక్ష పెడితే ఎంతమంది నిలబడతారు? కోడి పరీక్షలో అందరూ ఏదో ఒక డాక్టరవుతారు. ఎవరి మనసూ నొప్పించని పరీక్షే మంచి పరీక్ష.

ఇక మార్కులు. నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు, మూడు గంటలు. ఒప్పుకి నాలుగు, తప్పుకి ఒకటి కోత. భయస్తులు తెలియనివి వదిలేస్తారు. మన పద్ధతిలో ఒక్క బబుల్ కూడా ఖాళీగా ఉండకూడదు. కళ్లు మూసుకుని నింపినా సగటున నాలుగింట ఒకటి తగులుతుంది. 45 ఒప్పులకి 180 మార్కులు, 135 తప్పులకి 135 కోత, చేతిలో 45 మిగులుతాయి. ఏమీ చదవనివాడికి 45 ఎవరిస్తారండీ? 2025లో జనరల్ వాళ్లకి అర్హత గీత 144. ఇంకో 99 సంపాదిస్తే గట్టెక్కినట్టే. ఆ ఏడు రాసిన 22 లక్షల పైచిలుకు మందిలో 12 లక్షల పైచిలుకు అర్హత పొందారు, అంటే సగానికి పైనే. మీవాడు అందులో ఉన్నాడా, ఇంకేం ఆలోచించకండి. బస్టాండులో ఫ్లెక్సీ కట్టించండి, మెడలో స్టెతస్కోపు వేసి ఫొటో తీయించండి. దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు లక్ష పైచిలుకే ఉన్నాయనీ, దాదాపు పదిమంది గీత దాటితే ఒక్కడికి సీటనీ, ఆ ఒక్కడు కూడా ప్రైవేటు కాలేజీలో పడితే సూరత్ మగ్గాల మీద ఉన్న చిన్నాన్న జన్మంతా నేసినా ఫీజు తీరదనీ గిట్టనివాళ్లు చెవిలో ఊదుతారు. వాళ్లకి ఫ్లెక్సీ చూపించండి.

ఇంట్లో మాక్ టెస్టు రాయిస్తే మర్యాదగా రాయించండి. రాత్రి పదకొండింటికి, ఫ్యాను కింద, మధ్యలో టీ. ఫోను పక్కనే ఉండాలి, పాపం స్నేహితులు కంగారు పడతారు. టీ తాగుతున్నంతసేపూ గడియారం ఆపెయ్యండి. తప్పయిన జవాబు పక్కన "తెలుసు గానీ తొందరలో పెట్టాను" అని రాసుకోనిచ్చి దానికీ నాలుగు మార్కులు వెయ్యండి. అసలు పరీక్ష మధ్యాహ్నం రెండు నుంచి అయిదు, సాధారణంగా మే మొదట్లో. మన గంజాంలో ఆ వేళకి కుక్కలు కూడా కాలవ గట్టు దిగి రావు. ఒంటిగంటన్నరకి గేటు మూసేస్తారు. లోపలికి పొట్టి చేతుల చొక్కా, చెప్పులు; బూట్లు వద్దు, వాచీ వద్దు, పెన్ను కూడా వాళ్లే ఇస్తారు. బరంపురంలో ఓసారి సెంటరు బయట చూశాను. నిండు చేతుల చొక్కాతో వచ్చిన కుర్రాడికి వాళ్లమ్మ చెట్టు కింద నిలబెట్టి బ్లేడుతో మోచేతి దగ్గర చేతులు కోస్తోంది, వాళ్ల నాన్న గేటుకేసి చూస్తూ "కానీ, కానీ" అంటున్నాడు, ఆ కుర్రాడు చెయ్యి చాపుకునే పెదాలు కదుపుతూ సూత్రాలు చదువుకుంటున్నాడు. ఇలాంటివన్నీ ముందే చెప్పి పిల్లల్ని బెదరగొట్టడం నాకు నచ్చదు. అడ్మిట్ కార్డు వెనకాల రాసినవి పరీక్షయ్యాక తీరిగ్గా చదువుకోవచ్చు.

ఇక్కడి తెలుగువాళ్లకి మాత్రం దేవుడిచ్చిన సౌకర్యం ఒకటుంది. పదో తరగతి దాకా ఇక్కడ చదివించి, ఇంటర్‌కి విజయవాడ హాస్టల్లో పడేస్తే రెండు రాష్ట్రాల సీట్లూ మనవే. ఈ సలహా మీద ఏటా ఎవరో ఒకరు పెట్టె సర్దుతారు. ఆంధ్రాలో లోకల్ కావాలంటే అర్హత పరీక్ష రాసే ఏడాదితో కలిపి వరసగా నాలుగేళ్లు అక్కడ చదివి గానీ ఉండి గానీ తీరాలని రూలుంది. రెండేళ్ల ఇంటర్ దానికి చాలదు. ఇటు ఒడిశా సీటుకి మన ఉనికి మనమే రుజువు చేసుకోవాలి, తహసీల్దారు ఇచ్చే రెసిడెంటు సర్టిఫికెట్టు కావాలి. ఇవన్నీ పిల్లాడు ఎనిమిదో తరగతిలో ఉండగానే కనుక్కోవాలని బరంపురంలో మా తోడల్లుడు గొణుగుతాడు. ఎనిమిదో తరగతిలో ఎవడికండీ తీరిక? కౌన్సెలింగ్ తేదీ వచ్చిన రాత్రి చదివితే రూల్సు బుర్రకి బాగా ఎక్కుతాయి. మరీ కాకపోతే విదేశీ ఎంబీబీఎస్‌కి బిష్కెక్ ఉండనే ఉంది. అక్కడికి వెళ్లడానికీ నీట్‌లో అర్హత కావాలనీ, వచ్చాక 300 మార్కుల స్క్రీనింగ్ పరీక్షలో 150 తెచ్చుకోవాలనీ ఏజెంటు విమానం టికెట్టు చేతిలో పెట్టాక నెమ్మదిగా చెబుతాడు. ఆయన మీద భారం వెయ్యండి.

తప్పితే బెంగపడకండి. తప్పడమే పెద్ద గుర్తు. యల్లాప్రగడ సుబ్బారావు గారు మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖాదీ గౌను తొడుక్కుని సర్జరీ ప్రొఫెసరుకి కోపం తెప్పిస్తే ఎంబీబీఎస్ బదులు ఎల్‌ఎంఎస్ చేతిలో పెట్టి పంపారు. ఆ మనిషి అమెరికా వెళ్లి చేసిన పని వల్లే ఇవాళ నా షాపు అరల్లో ఫోలిక్ యాసిడ్ బిళ్లలూ మెథోట్రెక్సేట్ బిళ్లలూ ఉన్నాయి. మీవాడు ఇప్పటికే రెండుసార్లు తప్పాడంటే సగం సుబ్బారావు అయిపోయినట్టే. మిగతా సగం, ఆ రాత్రింబవళ్లు ల్యాబులో కూర్చోవడం గట్రా, తరవాత చూసుకోవచ్చు. తొందరేం లేదు. నీట్‌కి డిసెంబరు 31 నాటికి పదిహేడు నిండాలన్న నియమమే గానీ పై వయసు అడ్డు లేదు. 2020లో మన ఒడిశాలోనే 64 ఏళ్ల రిటైర్డు బ్యాంకు ఉద్యోగి ఒకాయన బుర్లా మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్‌లో చేరారు. కాబట్టి లాంగ్‌టర్మ్ బ్యాచ్‌లో మీరు ఎన్నిసార్లు చేర్చినా ఎవరూ కాదనరు. మూడో లాంగ్‌టర్మ్‌లో ఉన్న పిల్లాడు అన్నానికి పిలిస్తే పలకడం మానేస్తే ఏకాగ్రత కుదిరిందనుకోండి. పండక్కి వచ్చిన చుట్టాలు కనపడగానే లోపలి గదిలోకి వెళ్లి తలుపేసుకుంటే చదువు మీద శ్రద్ధ అనుకోండి. పోయినసారి కన్నా ఈసారి ఫిజిక్స్‌లో ఎన్ని మార్కులు పెరిగాయి, ఏ పాఠం ఇంకా కొరుకుడు పడలేదు, నీకింకా ఇది కావాలనే ఉందా నాన్నా అని మాత్రం అడక్కండి. అడిగితే చెబుతాడు, అదీ ప్రమాదం.

అన్నిటికన్నా గట్టిగా వద్దనేది ఒకటుంది. పిల్లాణ్ని పెద్దాస్పత్రికి తీసుకెళ్లి ఓ పూట ఊరికే కూర్చోబెట్టకండి. బరంపురం మెడికల్‌కి పొద్దున్నే వెళ్లి చూడండి, ఎందుకు వద్దంటున్నానో మీకే తెలుస్తుంది. కంధమాల్ కొండల నుంచి వచ్చినవాళ్లు, గజపతి జిల్లావాళ్లు, ఇచ్ఛాపురం వైపు నుంచి మన తెలుగువాళ్లు, అందరూ ఒకే వరసలో ఉంటారు. ఒకరిది ఒడియా, ఒకరిది కుయి, ఒకరిది తెలుగు. బల్ల దగ్గర ఓ జూనియరు డాక్టరమ్మ, ఇరవై నాలుగో ఇరవై అయిదో ఉంటాయి, ముసలాయన్ని "నొప్పి ఎప్పట్నుంచి తాతా?" అని అడుగుతుంది. ఆయన కోడలి గురించి చెబుతాడు. మళ్లీ అడుగుతుంది. పోయినేడు వరి పోయిన సంగతి చెబుతాడు. మూడోసారి ఇంకోలా తిప్పి, "వరి కోతలప్పుడు ఈ నొప్పి ఉందా?" అంటుంది. ఆ, అప్పుడే మొదలైందంటాడు. అది రాసుకుంటుంది. వెనకాల వరస కదలదు, ఆమె టీ చల్లారిపోతుంది. మీవాడు ఇది చూస్తే రెండిట్లో ఒకటి ఖాయం. "నాన్నా, నాకిది వద్దు" అంటాడు, మీ ఫ్లెక్సీ డబ్బు వృథా. లేదా దారి పొడుగునా "ఆవిడ కడుపు మీద చెయ్యి వేసి ఎందుకు తట్టింది?" అని మీ ప్రాణం తీస్తాడు. ఏదైనా ఇంటికి నష్టమే.

ఈ పద్ధతిలో ఎప్పుడూ నెగ్గని కేసు మా ఇంట్లోనే ఒకటుంది. నా మేనకోడలు. ప్లస్ టూ చదువుతోంది, సాయంత్రాలు షాపుకి వస్తుంది. అన్ని లక్షణాలూ విరుద్ధమే. కోడి దుకాణానికి వెళ్లనంది. స్టెతస్కోపు కొనిస్తానంటే "ఇప్పుడెందుకు మావయ్యా" అంది. గ్రాండ్ టెస్టులో 410 వస్తే నేను మిఠాయి తెప్పించాను, అది ముట్టుకోకుండా తప్పయిన ప్రశ్నలన్నీ ఓ పాత లెడ్జరులో ఎక్కించుకుంటూ కూర్చుంది. ఒక్కోదాని పక్కన తెలియకా, తొందరా, ఊహా అని రాసుకుంది. "ఊహ" అన్నవి ఇన్ని ఉంటే రాకపోవచ్చు అని తనే తేల్చుకుంది. ఇంత అపశకునపు మాట నా బల్ల మీద ఎవరూ అనలేదు.

మొన్న ఓ ముసలావిడ షుగరు బిళ్లల చీటీ తెచ్చింది. నేను బిళ్లలిచ్చేసి డబ్బు లెక్కపెట్టుకుంటున్నాను. ఈ పిల్ల లేచి, ఒడియాలో, "అమ్మమ్మా, పోయిన నెల బిళ్లలు ఎన్ని మిగిలాయి?" అని అడిగింది. సగం మిగిలాయట. రోజుకి రెండు రాస్తే ఒక్కటే వేసుకుంటోందట, డబ్బు కలిసొస్తుందని. ఈ పిల్ల స్టూలు లాగి ఆవిణ్ని కూర్చోబెట్టి, పొద్దున్న ఒకటి, రాత్రి ఒకటి అని చీటీ మీద సూర్యుడూ చంద్రుడూ బొమ్మలు గీసి, ఈ సంగతి డాక్టరుగారికి తప్పకుండా చెప్పమని రెండుసార్లు చెప్పించుకుంది. ఈలోగా ముగ్గురు గిరాకీలు పక్క షాపుకి వెళ్లిపోయారు. ఇలా ఒక్కొక్కరి దగ్గరా ఇంతసేపు కూర్చుంటే రేపు ప్రాక్టీసు ఏం నడుస్తుంది? సిద్ధంగా లేదని మా చెల్లెలికి కచ్చితంగా చెప్పేశాను.

అది మాత్రం ఫారం తనే నింపుకుంది. తెల్ల గోడ ముందు ఫొటో తీయించుకుంది, రెసిడెంటు సర్టిఫికెట్టు కిందటేడే తెచ్చుకుంది, ఫీజు కట్టేసి రసీదు లెడ్జరులో అంటించింది. నన్నొక్క మాట అడగలేదు. అడిగుంటే ఆ వారం మంచిది కాదని చెప్పేవాణ్ని.