పత్రపాణి

దిల్‌సుఖ్‌నగరు సాయిబాబా గుడి మొదలుకొని ఎల్బీనగరు కూడలి వరకును, మెట్రో స్తంభముల నీడన ఇరువైపుల బారులు తీరిన కోచింగు కేంద్రములు, హాస్టళ్లు, చీరల అంగళ్లు, మిర్చిబజ్జీల బండ్లు, వీని నడుమ సందు దొరికిన చోటనెల్ల వెలసియున్న జిరాక్సు కొట్లను చూచి, ఇవి యన్నియు పోటీపరీక్షల విద్యార్థుల వలననే బ్రతుకుచున్నవని క్రొత్తవాడెవడైన భ్రమపడినచో వానిని తప్పుపట్టరాదు; వాడు మా పత్రపాణిగారిని ఎరుగడు. ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరొకటి కలదు. అది ఓటరు కార్డులో ఒక విధముగను, ఆధారులో మరియొక విధముగను, పెన్షను పుస్తకములో ఆ రెండింటికిని పొసగని విధముగను ముద్రితమై యుండుటచే, ఏది నిజమైనదో నిర్ణయింపజాలక కాలనీవారము ఈ బిరుదును ఏకగ్రీవముగా ఆమోదించితిమి.

ఇట్టివారు చైతన్యపురిలోను, కొత్తపేటలోను, సరూర్‌నగరులోను వీధికొకరైనను ఉందురు. ఉద్యోగవిరమణ చేసి, బిడ్డలను సముద్రముల కావల స్థిరపరచి, ఆ కారణమున పాస్‌పోర్టు, వీసా, అఫిడవిటు అను శబ్దములు సంధ్యామంత్రములవలె నోట నానినవారు. మా పత్రపాణిగారు వారిలో ఉత్తమజాతికి చెందినవారు. నల్లగొండ ట్రెజరీలో ముప్పది యేండ్లకు పైబడి కొలువు చేసి, జతపరుపవలసిన కాగితము జతపరుపబడలేదన్న ఒక్క హేతువుచే ఎందరు బడిపంతుళ్ల బకాయిల బిల్లులను వెనుకకు త్రిప్పిపంపిరో, ఆ పంతుళ్లకును పరమేశ్వరునకును తెలియవలెను. విరమణానంతరము త్రిప్పిపంపుటకు పరుల బిల్లులు దొరకక, ఆయన తన కాగితములనే తాను శోధించుకొనుట ప్రారంభించిరి. ఏ ప్రయాణము తటస్థించినను ముందుగా తన్ను తానే బల్లకు ఈవలివైపున నిలుపుకొని, ఆవలివైపున తానే ఆసీనులై, తనమీద తానే అబ్జెక్షను వ్రాసి, దానికి తానే సమాధానము దాఖలు చేసికొందురు. ఈ వ్యవహారము ముగియుటకు సామాన్యముగా మూడు వారములు పట్టును; కొన్ని పర్యాయములు ఆయన సమాధానము ఆయనకే తృప్తి కలిగింపక ప్రయాణమే ఆగిపోవుటయు కలదు.

కాశీ, గయ, ప్రయాగలతో తృప్తిపడక, నేపాలులోని పశుపతినాథునిని, ముక్తినాథునిని గూడ సేవించి రావలెనని మేము కొందరము సంకల్పించి, వంటవారిని, గ్యాసు పొయ్యిలను వెంటనిడుకొని యాత్రలు నడపు ఒక పెద్దమనిషిని కలిసికొంటిమి. కాగితముల ప్రసక్తి రాగా ఆయన చేతిలోని లెక్కల పుస్తకమునుండి తల ఎత్తకయే, “ఓటరు కార్డు పెట్టుకోండి సార్, చాలు” అనెను. ఆ ‘చాలు’ పత్రపాణిగారికి మహాపచారముగా తోచెను. ఒక స్వతంత్ర దేశముయొక్క పొలిమేర దాటి మరియొక స్వతంత్ర దేశమున కాలుమోపుటకు ఒక్క కార్డు చాలునట! మలక్‌పేటలో గ్యాసు కనెక్షను మార్చుకొనుటకు మూడు కాగితములు కావలసివచ్చెనే!

నిజమునకు నియమము అంతియే. భారతపౌరునకు నేపాలు పోవుటకు వీసా అక్కరలేదు. పాస్‌పోర్టు గాని, ఎన్నికల సంఘమువారి గుర్తింపు కార్డు గాని ఏదో ఒకటి చేతనుండిన చాలును. 15 ఏండ్ల లోపు పిల్లలకును, 65 దాటిన వృద్ధులకును ఆ రెండును లేకున్నను, ఫోటోయు వయస్సును గల పాన్ కార్డు, రేషను కార్డు వంటివి చెల్లును. 2019 జనవరిలో కేంద్ర హోంశాఖవారు ఈ ఇరుతెగలకును ఆధారును గూడ అనుమతించిరి. నడిమి వయస్సువారికి ఆధారు చెల్లదు. కావున 68 ఏండ్ల పత్రపాణిగారికి ఆధారు ఒక్కటియే చాలుననియు, 63 ఏండ్ల వారి గృహిణికి మాత్రము ఓటరు కార్డు ఉండితీరవలెననియు తేలినది. జీవితకాలమంతయు కాగితములను సేవించిన తన్ను ప్రభుత్వము పలక పట్టుకొని తిరుగు పసివారితో ఒకే పంక్తిని కూర్చుండబెట్టినందులకు ఆయన మిక్కిలి నొచ్చుకొనిరి. నియమము తక్కువ కోరినంత మాత్రమున తాము తక్కువ సమర్పింపవలెనన్న నియమము లేదు గదా యని తమ్ము తాము ఊరడించుకొని, పనిలోనికి దిగిరి.

గృహిణి ఓటరు కార్డును భూతద్దముతో పరీక్షింపగా, ఆమె పేరులోని ‘లక్ష్మి’ని ఇంగ్లీషులో ఒకచోట ‘ఎక్స్’ తోడను, మరొకచోట ‘కే ఎస్ హెచ్’ తోడను వ్రాసియున్నట్లు బయల్పడినది. ఇంక చెప్పవలసినదేమి? ఎల్బీనగరులో రంగారెడ్డి జిల్లా కోర్టుల ఆవరణ కలదు. దాని ఎదుట చెట్లక్రింద నల్లకోటులు ధరించి, స్టాంపు కాగితములు, రబ్బరు ముద్రలు ముందిడుకొని కూర్చుండు నోటరీలు కలరు. వారిలో ఒకరికి పత్రపాణిగారు నిత్యాతిథి. ఆ లక్ష్మియు ఈ లక్ష్మియు అభిన్నలని ఒక అఫిడవిటు సిద్ధమైనది. దానిమీద సంతకము చేయుచు ఆ ఇల్లాలు, “నలభై ఏండ్లసంది నాతోటి కాపురం చేస్తున్నరు. నేను నేనేనని మీకింకా నమ్మకం కుదరలేదా?” అని అడిగినది.

“నాకు కుదిరింది. సునౌలీ సరిహద్దుల ఉండే ఆయనకు కుదరాలె గద!” అని ఆయన శాంతముగా బదులు చెప్పిరి.

అంతటితో ఆగినను బాగుండెడిది. 1950 జూలై 31వ తేదీన కాఠ్మండూలో సంతకములైన భారత-నేపాలు శాంతి మైత్రీ సంధి ప్రతిని ఆయన ఎచ్చటనుండియో సంపాదించి, ఉభయదేశముల ప్రజలకు పరస్పరము నివాసమునకును, ఆస్తికిని, వర్తకమునకును, రాకపోకలకును హక్కు కల్పించు ఏడవ అధికరణమునకు క్రింద ఎఱ్ఱసిరాతో గీత గీసి, మా యాత్రికులందరి దస్త్రములలోను ఒక్కొక్క నకలు చేర్చిరి. సంధిపత్రమును తుదివరకు చదువుటయందే ఆయనకు మరియొక చిక్కు ఎదురైనది. ఇరు ప్రభుత్వములలో ఏదైనను ఒక సంవత్సరము ముందుగా తాఖీదు ఇచ్చి ఈ సంధిని రద్దుచేయవచ్చునని పదవ అధికరణము చెప్పుచున్నది. “మనం అవతలికి పోయినంక ఇయ్యాల్నే నోటీసు ఇచ్చిండ్రనుకో!” అని ఆయన ఒకనాటి రాత్రి పదిగంటలకు మా తలుపు తట్టిరి. ఏడాది గడువున్నది, మన యాత్ర పదిదినములదే యని నేను విన్నవింపగా, కొంతసేపు మౌనముగా లెక్కించి, ఊరట చెంది, “అయితే మిగిలే ఉన్నది” అని వెడలిపోయిరి.

1830 మే నెలలో చెన్నపట్టణమునుండి పరివారముతో బయలుదేరి, మా హైదరాబాదు మీదుగా కాశికేగి, 1831 సెప్టెంబరులో గాని ఇల్లు చేరని ఏనుగుల వీరాస్వామయ్యగారి మాట ఎత్తి, ఆ మహానుభావునకు ఆధారు ఎక్కడిది, ఓటరు కార్డు ఎక్కడిది యని నేను వాదింపబోతిని. “అందుకే పదిహేను నెలలు పట్టింది” అని ఆయన నా నోరు మూయించిరి.

ధనవిషయమునను ఆయన సన్నాహము సామాన్యమైనది కాదు. 2018 డిసెంబరులో నేపాలు ప్రభుత్వము 100 రూపాయలకు మించిన భారతీయ నోట్లను నిషేధించినదని ఎన్నడో చదివినవారగుట, ఆయన యాత్రకు రెండు నెలల ముందునుండియే కూరగాయల బండివానికి సైతము నూరు నోటు ఇచ్చుట మానివేసి, చేతికందిన ప్రతి నూరు నోటును దినుసు డబ్బాలలో దాచుచు వచ్చిరి. మన నూరు రూపాయలకు వారి నూట అరువది యను మారకము 1993 నుండి మారలేదు. మారని వస్తువేదైనను ఆయనకు పరమప్రీతి గనుక, నేపాలు దేశముమీద ఆయనకు కలిగిన మొదటి గౌరవము ఈ లెక్క వలననే కలిగినది.

సికింద్రాబాదునుండి దానాపూరు ఎక్స్‌ప్రెస్సులో బయలుదేరి, కాశీ సేవించుకొని, అక్కడనుండి బస్సులో గోరఖ్‌పూరు మీదుగా సునౌలీ చేరితిమి. 1,751 కిలోమీటర్ల పొడవున పరచుకొన్న ఆ సరిహద్దుకు సశస్త్ర సీమాబలమువారు కావలి కాయుదురన్నమాటయేగాని, ఇంటినుండి ఇంటికి పోవునట్లు సైకిళ్లమీద, రిక్షాలలో, ఉల్లిగడ్డల సంచులు నెత్తినిడుకొని జనము ఆ దేశమునుండి ఈ దేశమునకును, ఈ దేశమునుండి ఆ దేశమునకును తెరపిలేక నడచుచునేయుండిరి. ఒక మేక గూడ దాటెను. పత్రపాణిగారు బస్సు దిగి, చొక్కా సవరించుకొని, తెల్ల దారముతో కుట్టిన దస్త్రమును ఛాతికి హత్తుకొని, కావలి జవాను ఎదుట నిలిచిరి. జవాను సంచిలోనికి ఒక చూపు, మొగముపైకి ఒక చూపు విసరి, “చలియే బాబూజీ, ఆగే చలియే” అనెను.

“అరె, జర దేఖో తో సహీ సాబ్! ఇత్తా మెహనత్ కర్కే లాయే!” అని ఆయన తమ దిల్‌సుఖ్‌నగరు హిందీలో మొరపెట్టుకొనిరి. జవాను మర్యాదస్థుడు. మొదటి పుట తెరచి, లామినేషను చేయబడిన విషయసూచికను చూచి, నవ్వు ఆపుకొని, దస్త్రమును రెండు చేతులతోను తిరిగి ఇచ్చివేసెను. మా బస్సునకు మాత్రము నేపాలు సుంకపువారు ‘భంసారు’ అనబడు అనుమతి చీటి వ్రాసి, దినమునకింతయని రుసుము కట్టించుకొని, ముద్రవేసి ఇచ్చిరి. డ్రైవరు దానిని నిర్లక్ష్యముగా మడచి చొక్కాజేబులో కుక్కుకొనుచుండ, పత్రపాణిగారు చూచిన చూపును అసూయ యనక తప్పదు. మనిషికి లేని మర్యాద బస్సునకు జరిగినది!

ఈ విషాదసమయమున వారి మనుమడు ఆయనను కాపాడెను. డల్లాసులో పుట్టి, పందొమ్మిదేండ్లు నిండి, మోకాళ్లవరకే లాగు తొడిగి, వీపున ఒక సంచియు జేబున ఒక చిన్న నీలిపుస్తకమును తప్ప వేరేమియు లేక సెలవులకు వచ్చి మాతో బయలుదేరినవాడు. అమెరికా పాస్‌పోర్టు ఉన్నవానికి అడ్డమేమి యని తాతగారు వానిగూర్చి ఒక్క కాగితమైనను సిద్ధపరచలేదు. మేమందరము సరిహద్దు కమాను దాటి నేపాలువైపు బేలహియాలో టీ త్రాగుచుండగా తెలిసినదేమనగా, వాడు పరదేశీయుడు గనుక ముందుగా సునౌలీలో, దుకాణముల మధ్య కనబడీ కనబడక యుండు ఇమిగ్రేషను ఆఫీసున మనదేశము విడిచినట్లు ముద్ర వేయించుకొని, తరువాత నేపాలువారి వద్ద 15 దినములకు 30 డాలర్లు చెల్లించి వీసా పుచ్చుకొనవలెననియు, మరల భారతదేశము ప్రవేశించునప్పుడు పాస్‌పోర్టుతోబాటు ఓసీఐ కార్డును చూపవలెననియు. వాడు ఉసూరుమనెను. తాతగారి మొగము వికసించెను. వంశమంతటిలోను కాగితములు అవసరమైన ప్రాణి ఒకటైనను పుట్టినది గదా!

వాని చేయి పట్టుకొని ఆయన పరుగున వెనుకకు పోయిరి. “తాతా, ఇట్స్ ఓకే, నేను చూసుకుంటా” అని వాడు గొణుగుచునేయుండెను. దరఖాస్తు ఆయనయే పూరించిరి; ఫోటో అడిగినవెంటనే, వాని పదవయేట తీయించి దాచియుంచినవి ఆరు తీసిరి; అవి పనికిరావనగా ఏమాత్రమును చిన్నబోక ప్రక్కకొట్టులో క్రొత్తవి తీయించిరి; కిటికీకి కిటికీకి నడుమ తామే జవానువలె మెలగిరి. తుదకు ముద్ర పడినప్పుడు ఆ సిరా తడి ఆరకమునుపే వ్రేలితో తాకి చూచి, తమ పాస్‌పోర్టును గూడ మెల్లగా ముందుకు జరిపి, ఇందులోను ఒకటి వేయుమని బ్రతిమాలిరి. భారతీయులకు వేయము అని ఆ ఉద్యోగి చెప్పెను. సంధిపత్రములోని ఏడవ అధికరణముమీద ఆయనకు విరక్తి కలిగినది ఆ క్షణముననే యని నా నమ్మకము.

పశుపతినాథుని ఆలయమును గూర్చియు, ముక్తినాథమున 108 ధారలక్రింద వడవడ వణకుచు చేసిన స్నానములను గూర్చియు పోయివచ్చినవారందరును వ్రాయుచునే యున్నారు గనుక నేను వ్రాయను. నేపాలు గడియారము మనకంటె పావుగంట ముందుండునని తెలిసి, పత్రపాణిగారు ప్రతి దర్శనమునకును ఆ పావుగంటకు మరియొక పావుగంట చేర్చి మమ్ము నిద్రలేపెడివారని మాత్రము చెప్పవలెను.

ఇంటికి వచ్చిన తరువాత ఆయన కొన్నాళ్లు నీరసించియుండిరి. పిదప ఒకనాడు, 2020 నుండి ఆగిపోయిన కైలాస మానససరోవర యాత్రను 2025లో విదేశాంగశాఖవారు మరల ప్రారంభించిరన్న వార్త ఆయన కంటబడినది. అందు కోరబడు పత్రముల పట్టికను చదువుచుండగా ఆయన కన్నులు చెమర్చినవి. కనీసము ఆరుమాసముల గడువు మిగిలియున్న పాస్‌పోర్టు; ఫోటోలు; నోటరీ ఎదుట స్టాంపు కాగితముమీద వ్రాసి ఇచ్చు పూచీపత్రము; ఆపత్సమయమున హెలికాప్టరులో తరలించుటకు హామీపత్రము; అన్నింటికిని శిఖరముగా, చైనా భూభాగమున దైవవశమున మరణించినచో కళేబరమును అక్కడనే దహనము చేయుటకు యాత్రికుడు ముందుగా సంతకము చేసి ఇయ్యవలసిన సమ్మతిపత్రము. ఇన్నాళ్లకు ఒక సరిహద్దు ఆయన యోగ్యతను గుర్తించినది! వయోపరిమితి 70, ఇంకను వ్యవధి కలదు. బరువును ఎత్తుతో సరిచూచు సూచిక 25కు మించరాదన్న షరతు మాత్రము ఆయన బొజ్జకు సమ్మతముగా లేదు. దానికి అఫిడవిటు చెల్లునా యని ఎల్బీనగరు నోటరీని అడిగి చూచిరి. చెల్లదని ఆయన చింతిల్లుచు చెప్పెను. నాటినుండి పత్రపాణిగారు ప్రతి ఉదయమును సరూర్‌నగరు చెరువుగట్టున నడచుచున్నారు.

యాత్రికులను ఎంపికచేయు లాటరీకి దరఖాస్తులు పిలువకముందే పత్రములన్నియు సిద్ధమైనవి. దహన సమ్మతిపత్రమును ఆయన గృహిణికి బిగ్గరగా చదివి వినిపించునప్పుడు నేనును అక్కడనే యుంటిని. ఆమె చిక్కుడుకాయలు గిల్లుట ఆపలేదు.

“అంతా మంచిగనే ఉన్నది. మీరు పోయిండ్రని వాళ్లు రాసిచ్చే కాగితానికి జిరాక్సులెవరు తీస్తరు?”

ఆ ప్రశ్న ఆయనకు న్యాయమైనదిగా తోచినది. మరునాటి ఉదయము నడకనుండి తిన్నగా మా యింటికి వచ్చి, ఆ బాధ్యతను నేను స్వీకరించుచున్నట్లు వ్రాసి తెచ్చిన కాగితమును నా ముందుంచి, మూడు ప్రతులమీదను నాచేత సంతకము చేయించుకొనిపోయిరి.