నాసికా విజయం అను ఏకముద్ద ప్రబంధం

ఇష్టదేవతాస్తుతి అయింది, కుకవినింద రేపటికి వాయిదా పడింది. ఇక కథ. మామిడివంశ పయోధి చంద్రుడూ, ఆవపిండి కవచధారీ, గుంటూరు మిరప కిరీటీ, నువ్వులనూనె సరోవర విహారీ అయిన ఆవకాయ ముక్క, వేడన్నమనే తెల్లయేనుగునెక్కి, నేతిధారలు అభిషేకం చేస్తుండగా, అయిదు వేళ్ల సేన వెంటరాగా రసనాపురి సింహద్వారానికి వేంచేస్తున్న శుభముహూర్తమిది.

తలుపులు తెరవకముందే వీధుల్లో కళ్లాపి పడింది. చల్లినవి చెవుల ముందర, దవడ కింద, నాలుక అడుగున కాపురముండే మూడు జతల లాలాజల గ్రంథులు. రోజుకు సుమారు లీటరు నీళ్లు చల్లడం వాటి వంశపారంపర్య వృత్తి. ఉప్పయినా పులుపయినా ఆ నీటిలో కరిగితే తప్ప ఏ రుచిభటుడూ పలకరించడు.

పురవర్ణన కావాలంటే అద్దం ముందు నాలుక చాపండి. కొనవైపు కనిపించే ఎర్రని చుక్కలు రుచిమొగ్గల మేడలు. వెనక పొలిమేరలో ఎనిమిది నుంచి పన్నెండు దాకా పెద్ద బురుజులు బాణపు ములుకు ఆకారంలో బారులు తీరి ఉంటాయి. మిగిలిన గరుకుదనమంతా ముద్దను పట్టి నెట్టే కూలిజనం. వాళ్లకు రుచి తెలియదు. ఒక్కో మొగ్గలో 50 నుంచి 100 కణాలు కొలువుంటాయి. ఎంత వీరభటుడైనా సగటున పదిరోజుల్లో పదవీ విరమణ చేయాల్సిందే, పెన్షను లేదు.

కొనకు తీపి, అంచులకు పులుపు, వెనక చేదు అంటూ ఈ రాజ్యాన్ని వాటాలేసిన పటమొకటి పాఠ్యపుస్తకాల్లో చాలాకాలం ఊరేగింది. 1901లో హేనిగ్ అనే జర్మన్ పరిశోధకుడు గమనించిన స్వల్ప తేడాలను తర్వాతివాళ్లు కొండంత చేశారు. నిజానికి మొగ్గలున్న ప్రతి పేటలోనూ అయిదు రుచులూ చెల్లుతాయి.

అదిగో, పళ్ల కింద టెంక ఫెళ్లుమంది! ఉప్పులోని సోడియం తన కాలువగుండా చొరబడింది. పులుపు ప్రోటాన్ల రూపంలో తన దిడ్డివాకిలి గుండా దూరింది. మెంతిపిండి చేదు తెచ్చింది. ఆ ఒక్క శత్రువు కోసమే రసనాపురి దాదాపు 25 రకాల గ్రాహకాలను కాపలా పెట్టింది. చాలా విషాలు చేదు వేషంలోనే వస్తాయి మరి. ఈ వార్తలు మోసుకుంటూ మూడు కపాలనాడులు మెదడుకు పరుగుతీశాయి.

ఇంతలో మిరపకారం మీసం మెలేసింది. షడ్రుచుల్లో కారానికి పీఠముంది గానీ రుచిమొగ్గల దర్బారులో చోటు లేదు. అందుకే ఆయన ట్రైజెమినల్ అనే మరో నాడి ఇంట దిగాడు. అక్కడ సుమారు 43 డిగ్రీల వేడి తగిలితే నిద్రలేచే కాపలాదారుడున్నాడు. కారంలోని కాప్సైసిన్ వాణ్ణి ఊరికే గిల్లింది. నిప్పు లేకుండానే 'మంటలు! మంటలు!' అని ఢంకా మోగింది. కళ్ల వెంట గోదావరి, నుదుట తుంగభద్ర. ఈ కాపలాదారుణ్ణి 1997లో పట్టుకున్న డేవిడ్ జూలియస్‌కు 2021 నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. వాడి చేత దెబ్బలు తిన్న మనకు మజ్జిగే దక్కింది.

ఇంత సంగ్రామం చేసి జిహ్వాదేవి గెలుచుకున్నదేమిటి? ఉప్పు, పులుపు, కాస్త చేదు, బోలెడు మంట. ఇది మాగాయా, నిమ్మకాయా, ఆవకాయా అని చెప్పే విద్య ఆమెకు లేదు.

అప్పుడు ప్రవేశించాడు అసలు కథానాయకుడు. ముద్ద గొంతు దిగి, ఊపిరి వెనక్కి మళ్లగానే వాసనల ఆవిరి దొడ్డిదారిన ముక్కులోకి ఎక్కింది. మామిడి రసం తగిలి ఆవపిండిలో పుట్టిన ఘాటు ముందుగా నషాళానికంటింది. ముక్కు కప్పు మీద కొద్ది చదరపు సెంటీమీటర్ల మేర ఘ్రాణమండపం. అందులో లక్షలాది నాడీకణాలు, దాదాపు 400 రకాల గ్రాహకాలు. ఒక్కో కణానిది ఏకగ్రాహకవ్రతం. ఏయే రకాలు కలిసి పలికితే ఆ కలయికే ఆవకాయ. ఈ గ్రాహకాల కుటుంబాన్ని 1991లో వెలికితీసిన లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ 2004లో నోబెల్ అందుకున్నారు.

మండపం పైన జల్లెడలాంటి ఎముక. దాని చిల్లుల గుండా నాడీతంతువులు దూరితే అవతల మెదడే. తక్కిన ఇంద్రియాల అర్జీలన్నీ థాలమస్ కచేరీలో వరుసకట్టాలి. ఘ్రాణుడికి ఆ వరుస లేదు. జ్ఞాపకాలూ ఉద్వేగాలూ ఉండే అంతఃపురానికి దగ్గరిదారిన వెళ్తాడు. మెదడు తీర్పు చెప్పింది: 'ఇది ఆవకాయే!' కానీ ఆ పరిమళం నోట్లోనే పుట్టిందని మెదడు భ్రమపడుతుంది గనుక వీరగండపెండేరం నాలుకకే తొడిగింది. లొట్టలేసిందీ ఆమే.

ఫలశ్రుతి: నమ్మనివారు ముక్కు గట్టిగా మూసుకుని ఒక ముద్ద నమలండి, సగం నమిలాక వదిలిపెట్టండి. నమ్మినవారికి ఒక్క మనవి. జలుబు చేసినప్పుడు చెడేది నాలుక కాదు, మూసుకుపోయేది ముక్కు దారి. ఆ నాలుగు రోజులూ కూర చప్పగా ఉందని వండినవారిని ఆడిపోసుకోకండి. ఉప్పు సరిగానే వేశారు.