పుస్తకంలో రాయని అంకె

ఆ నోటు పుస్తకం ఇప్పటికీ మా అమ్మ బీరువాలో ఉంది. అందులో ముప్పై మూడో వారం, శనివారం రాత్రి అన్న చోట నా చేత్తో 136/86 అని రాసి ఉంటుంది. అది అబద్ధం.

తొలి కాన్పని తెనాలిలో పుట్టింటికి వచ్చాను. బీపీ కొంచెం కొంచెంగా పెరుగుతోందని డాక్టరుగారు రోజూ రెండు పూటలా చూసి రాసుకోమన్నారు. 140/90 దాటితే తెల్లారేదాకా ఆగకుండా ఫోన్ చేయమన్నారు. నాన్న వాడే మిషన్ ఇంట్లోనే ఉంది. చూసి రాయడం నా వంతు. పడుకోబోయే ముందు ఆ అంకె చదువుకుని ధైర్యం తెచ్చుకోవడం అమ్మ వంతు.

మర్నాడు ఆదివారం సీమంతం. అమ్మ అప్పటికే చలిమిడికి బియ్యం నానబోసింది, పూలజడకి చెప్పింది. నాకు సాయంత్రం నుంచే తల బరువు. కాళ్ళకు నీరు ముందు నుంచీ ఉన్నదే, ఆ వారం మొహానికీ వేళ్ళకీ కూడా వచ్చింది. రాత్రి మిషన్ పెడితే 152/98. ఐదు నిమిషాలాగి చూస్తే 148/96. ఫోన్ చేస్తే రమ్మంటారు. వెళ్తే ఉంచేసుకుంటారు. ఇంత ఏర్పాటూ ఆగిపోతుంది.

అప్పుడు ఎడమ పక్కకు తిరిగి పడుకుని, పైకి ఉన్న కుడి చేతికి పట్టీ చుట్టుకున్నాను. చెయ్యి గుండె కన్నా ఎత్తులో ఉంటే మిషన్ తక్కువ చూపిస్తుంది. అది తెలియక చేసిన పని కాదు. నేను హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్తాను, ద్రవపీడనం పాఠం ఏటా నల్లబల్ల మీద బొమ్మ వేసి మరీ చెప్తాను. 136/86 వచ్చింది. రాశాను. అమ్మ చూసి, "హమ్మయ్య, నిన్నటి మీద పెద్ద తేడా లేదులే" అని లైటు తీసేసింది.

సీమంతంలో నా సైజు గాజులు వేళ్ళ కణుపులు దాటలేదు. సబ్బు నురగ రాసి ఒక సైజు పెద్దవి ఎక్కించారు. "ఆఖరి నెలల్లో నీరు పట్టడం మామూలే, బార్లీ నీళ్ళు తాగు తల్లీ" అన్నారు పెద్దవాళ్ళు. వాళ్ళను ఎందుకు అనాలి? వాళ్ళకు ఆ 152 తెలియదు. తలనొప్పి, చూపు మసకబారడం, మొహమూ చేతులూ ఉబ్బడం వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలని మాతా శిశు రక్షణ కార్డులో బొమ్మలతో సహా ఉంది. ఆ కార్డు నా దిండు పక్క ఫైల్లోనే ఉంది.

ఆ రాత్రి కుడి డొక్కలో, పక్కటెముకల కింద పట్టేసినట్టు నొప్పి మొదలైంది. గ్యాస్ అనుకుని వాము నీళ్ళు తాగాను. కళ్ళ ముందు మిణుగురులు తిరుగుతున్నట్టయ్యాక, గోడ పట్టుకుని వెళ్ళి అమ్మను లేపాను.

గుంటూరు ఆసుపత్రిలో చూస్తే 174/112. మూత్రంలో ప్రోటీను విపరీతంగా పోతోంది. ఊళ్ళో గుర్రపు వాతం అంటారే, ఆ మూర్ఛ వచ్చే అంచున ఉన్నానన్నారు. సూదికి అడ్డం వస్తున్నాయని గాజులు తీయబోతే కొన్ని రాలేదు, గుడ్డ చుట్టి చిట్లించారు. అమ్మ మొహం తిప్పుకుంది. మూర్ఛ రాకుండా మెగ్నీషియం సల్ఫేటు ఎక్కిస్తుంటే ఒళ్ళంతా మంట పెట్టినట్టు వేడి. ఆ మందు మోతాదు మించితే ముందు మోకాలి కదలిక పోతుంది, ఆ తర్వాత ఊపిరి మీదికొస్తుంది. అందుకని చిన్న సుత్తితో మోకాలి కింద తట్టి చూస్తూనే ఉన్నారు, గంటగంటకూ మూత్రం కొలిచారు. కాలు ఎగిరిన ప్రతిసారీ నర్సమ్మ "మంచిదమ్మా" అనేది. ఆ మాట కోసం ఎదురుచూసేదాన్ని.

డాక్టరుగారు అడిగారు, "ఇంట్లో నిన్నటిదాకా ఎలా ఉంది?" అని. అమ్మ సంచిలోంచి పుస్తకం తీసి చూపించింది. "రోజూ రాసిందండీ. బాగానే ఉందండీ." నేను అక్కడే ఉన్నాను. నోరు మెదపలేదు. అమ్మ బయటికి వెళ్ళాక డ్యూటీ డాక్టరమ్మకు చెప్పాను. ఆవిడ నన్ను ఒక్క మాట అనకుండా కేసు షీట్లో రాసుకుంది.

బిడ్డ ఊపిరితిత్తుల కోసం ఇరవై నాలుగు గంటల తేడాతో రెండు ఇంజెక్షన్లు ఇచ్చారు. రెండోది పడ్డ కాసేపటికే నా రక్తంలో ప్లేట్‌లెట్లు తగ్గిపోతున్నాయని తెలిసి ఆపరేషన్ చేశారు. పాప బరువు 1 కిలో 720 గ్రాములు. పద్దెనిమిది రోజులు పిల్లల ఐసీయూలో ఉంది. రోజూ దాన్ని నా గుండెల మీద, చర్మానికి చర్మం ఆనేలా పడుకోబెట్టి గుడ్డతో కట్టేవాళ్ళు. అప్పుడు అమ్మ ఎదురుగా స్టూలు మీద కూర్చుని, రోజూ ఒకటే మాట అనేది. "నేనే సరిగా చూసుకోలేకపోయాను. వంటల్లో పడి నీ మొహం చూడలేదు."

పద్దెనిమిది రోజులూ అననిచ్చాను. నా పిచ్చితనాల్లో అన్నిటికన్నా పెద్దది అదే. చెయ్యి ఎత్తులో పెట్టి చూసుకోవడానికి భయం కారణమని చెప్పుకోగలను. దీనికి ఏం చెప్పను?

ఇంటికి వచ్చిన రాత్రి పాపను పక్కన పడుకోబెట్టి చెప్పాను. అమ్మ చాలాసేపు దాని పాదాలు నిమురుతూ కూర్చుంది.

"మరి ఆ రోజు అసలు ఎంతుందే?"

"152."

"కిందది?"

"98."

లేచి, బీరువా తాళం వేసి వచ్చి, పాపకు అటుపక్క పడుకుంది.